తార్నాక, హబ్సిగూడ లోపలి వీధులు: మొదటి ఇల్లు కొని ఏడాదిన్నర ఉన్నాక

హైదరాబాద్‌లో మొదటి ఇల్లు వెతుకుతున్నవాళ్లకి, ముఖ్యంగా చిన్నపిల్లలూ పెద్దవాళ్లూ ఇద్దరూ ఇంట్లో ఉన్నవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మేం 2024 జూన్‌లో తార్నాకలో పాత అపార్ట్‌మెంట్‌లో రీసేల్ ఫ్లాట్ కొన్నాం. ఇల్లు మామూలుదే. ఏరియా మాత్రం మా ఇంట్లో అయిదుగురి రోజునీ మార్చేసింది. నిజం చెప్పాలంటే మేం ఇల్లు చూసి కొనలేదు, వీధి చూసి కొన్నాం. ఇక్కడ లోపాలు లేవా అంటే ఉన్నాయి, చాలానే ఉన్నాయి, అవి కూడా దాచకుండా రాస్తాను.

ముందు మేం ఎక్కడి నుంచి వచ్చామో చెప్పాలి, లేకపోతే ఈ రివ్యూకి అర్థం ఉండదు. మూడేళ్లు ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన ఒక గేటెడ్ కమ్యూనిటీలో అద్దెకున్నాం, పద్నాలుగో అంతస్తు. గాలి, వెలుతురు, క్లబ్ హౌస్, పిల్లలకి సైకిల్ తొక్కుకునే ట్రాక్, అన్నీ బాగానే ఉండేవి. కానీ మా టవర్ నుంచి మెయిన్ గేటుకే ఆరొందల మీటర్లు. గేటు దాటితే సర్వీస్ రోడ్డు, దాని మీద టిప్పర్లు, దుమ్ము. కొత్తిమీర కట్ట కావాలన్నా యాప్‌లో ఆర్డర్ పెట్టాలి, లేదంటే కారు తీయాలి. మా మామయ్య సూర్యాపేటలో టీచరుగా చేసి రిటైరయ్యారు, పొద్దున్నే లేచి బజారుకు పోయి, పేపరు చదివి, నలుగురితో మాట్లాడి, కూరగాయలు పట్టుకొని వచ్చే మనిషి. అలాంటాయన బాల్కనీలో కుర్చీ వేసుకొని రోడ్డు మీది లారీలు చూస్తూ కూర్చునేవారు. ఒకరోజు నాతో అన్నారు, "ఈడ అన్నీ ఉన్నయ్ గని, యాడికన్న పోదామంటే జాగ లేదు బిడ్డా" అని. నాకు ఆ మాట చాలా రోజులు నిద్ర పట్టనివ్వలేదు. సొంతిల్లు కొంటే ఆయన నడిచిపోయే చోటే కొనాలని అప్పుడే అనుకున్నాను.

మా బడ్జెట్ అంతా కలిపి 75 లక్షలు. ఆ డబ్బుకి సిటీ బయట కట్టుబడిలో ఉన్న 1,500 ఎస్‌ఎఫ్‌టీ (చదరపు అడుగుల) ఫ్లాట్లు చూపించారు, సిటీ లోపల ఇరవై ముప్పై ఏళ్ల పాత ఫ్లాట్లు చూపించారు. బయటి ప్రాజెక్టుల దగ్గర ప్రతి బ్రోకరూ నిమిషాల్లోనే మాట్లాడతాడు. ఒకాయన "మెట్రో ఐదు నిమిషాలే మేడమ్" అన్నాడు, మేం నడిచి చూస్తే 35 నిమిషాలు పట్టింది, అందులో సగం దారికి పక్కన అడుగు పెట్టే చోటే లేదు. అందుకే ఒక్క మాట గట్టిగా చెప్తాను, ఫోన్ మ్యాపులో దూరం చూసేటప్పుడు ప్రాజెక్ట్ పిన్ దగ్గరి నుంచి కాకుండా మీ బ్లాక్ లిఫ్ట్ దగ్గరి నుంచి చూడండి, బండి గుర్తు కాకుండా నడిచే మనిషి గుర్తు నొక్కి చూడండి. ఆ తర్వాత నిజంగా నడవండి.

మేం అలాగే నడిచాం. ఏడు ఏరియాలు చూశాం, ప్రతి చోటా ఒకటే పద్ధతి. వర్కింగ్ డే పొద్దున ఎనిమిదింబావుకి, అంటే స్కూలు బస్సులూ ఆఫీసు బళ్లూ ఒకేసారి రోడ్డెక్కే టైముకి, ఆరేళ్ల పాపనీ మామయ్యనీ తీసుకొని ఆ ఇంటి గుమ్మం నుంచి దగ్గర్లోని స్కూలు దాకా, అక్కడి నుంచి కూరగాయలు అమ్మే చోటికి, మెడికల్ షాపుకి, బస్‌స్టాప్‌కి నడిచేవాళ్లం. పాప చెయ్యి ఎన్నిసార్లు గట్టిగా పట్టుకోవాల్సి వచ్చింది, మామయ్యకి మోకాళ్లు నొప్పి పుడితే కూర్చోవడానికి అరుగో, గుడి మెట్టో, టీ కొట్టు బెంచీయో దొరికిందా లేదా, అదే చూసేదాన్ని. మళ్లీ రాత్రి ఎనిమిదిన్నరకి నేనొక్కదాన్నే వెళ్లేదాన్ని. వీధి దీపాలు వెలుగుతున్నాయా, షాపులు తెరిచి ఉన్నాయా, ఆడవాళ్లు ఒంటరిగా నడుస్తున్నారా అని చూడటానికి. ఈ రాత్రి నడకలోనే రెండు ఏరియాలు తీసేశాం, పొద్దున ఎంతో బాగున్న వీధి రాత్రికి పూర్తిగా చీకటైపోయింది.

తార్నాకలో ఆ పొద్దున నడిచినప్పుడు మామయ్య మూడు చోట్ల ఆగారు. నొప్పి వచ్చి కాదు, మాట్లాడటానికి. ఒక ఇస్త్రీ బండి దగ్గర, ఒక టీ కొట్టు దగ్గర, ఎవరో పెద్దాయన గేటు ముందు మొక్కలకి నీళ్లు పోస్తుంటే అక్కడ. మావారు నా మొహం చూశారు, నేను ఆయన మొహం చూశాను, అప్పటికి మేమింకా ఫ్లాటే చూడలేదు.

ఈ వీధులు ఇలా ఉండటానికి కారణం ఉంది. ఒక పక్క ఉస్మానియా యూనివర్సిటీ, ఇటు ఎన్‌ఐఎన్, అటు ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ లాంటి కేంద్ర పరిశోధనా సంస్థలు, లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు. వీటిల్లో పనిచేసినవాళ్లు ప్లాట్లు కొనుక్కొని ఇళ్లు కట్టుకున్న కాలనీలే చాలావరకు. చిన్న చిన్న ప్లాట్లు, ఒకదానికొకటి కలిసే అడ్డవీధులు, రెండు వైపులా దారి. తర్వాత ఆ ఇళ్లు అపార్ట్‌మెంట్లయ్యాయి, కింద షాపులు వచ్చాయి, కానీ వీధులు మాత్రం అలాగే ఉన్నాయి. నడవడానికి వీలుగా ఉండటమంటే నా లెక్కలో ఇదే. ఒకే గేటు ఉన్న వంద ఎకరాల లేఅవుట్‌లో ఎంత అందమైన వాకింగ్ ట్రాక్ వేసినా అది బయల్దేరిన చోటికే మళ్లీ వస్తుంది. ఇక్కడ ఏ సందులోకి తిరిగినా ఏదో ఒక పని అయిపోతుంది.

మా గుమ్మం నుంచి లెక్క చెప్తాను. కిరాణా కొట్టు రెండు నిమిషాలు, మెడికల్ షాపు మూడు, పాప స్కూలు పాప అడుగులతో తొమ్మిది, మెట్రో స్టేషన్ ఎనిమిది, రక్తపరీక్షల సెంటర్ ఆరు. లాలాపేటలో విజయ డెయిరీ దగ్గరే కాబట్టి పొద్దున పాలకి ఎప్పుడూ ఇబ్బంది లేదు. కూరగాయల బండి ఇంటి ముందుకే వస్తుంది, వారానికోసారి పక్క కాలనీలో సంత ఉంటుంది, అత్తమ్మకి ఆ రోజు పండగ. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సులు ఫ్రీ కదా, ఆమె ఆధార్ కార్డు బ్యాగులో పెట్టుకొని సికింద్రాబాద్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి తనే వెళ్లి తనే వస్తోంది. పాత ఇంట్లో ఉన్నప్పుడు ఆమె చెల్లెలిని చూడాలంటే ఆదివారం దాకా ఆగి మా కారు కోసం ఎదురు చూసేది. అరవై ఏడేళ్ల మనిషి ఎవరినీ అడగకుండా బయటికి వెళ్లి రావడం ఎంత పెద్ద విషయమో, అది మా ఇంట్లో జరిగేదాకా నాకూ తెలియలేదు.

స్కూలు గురించి. విద్యాహక్కు చట్టం నియమాల్లో ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకి స్కూలు కిలోమీటరు లోపల ఉండాలని ఉంది. మనం ప్రైవేటు స్కూళ్ల పేరు చూసి పిల్లల్ని పన్నెండు, పదిహేను కిలోమీటర్లు బస్సులో పంపుతున్నాం. మా పాప పాత స్కూలుకి ఆరూ యాభైకి బస్సెక్కేది, ఇప్పుడు ఎనిమిదింబావుకి తాతతో కలిసి నడిచి వెళ్తోంది. స్కూలు పాతదానికంటే గొప్పదేం కాదు. కానీ పిల్లకి రోజూ గంటన్నర నిద్ర ఎక్కువొచ్చింది, నాకు పొద్దున్నే ఉండే టెన్షన్ పోయింది. నలుగురు స్నేహితురాళ్లు నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నారు. బర్త్‌డేకి పిలవాలంటే వాళ్ల ఇంటి గంట కొడితే చాలు.

మావారి ఆఫీసు హైటెక్ సిటీలో. "తార్నాక నుంచి హైటెక్ సిటీయా, పిచ్చా మీకు" అన్నవాళ్లే అందరూ. కానీ నాగోల్ నుంచి రాయదుర్గం దాకా ఒకటే మెట్రో లైను, తార్నాకలో ఎక్కితే రైలు మారకుండా హైటెక్ సిటీలో దిగొచ్చు, గుమ్మం నుంచి ఆఫీసు సీటు దాకా గంటా పది నిమిషాలు. పాత ఇంటి నుంచి కారులో వెళ్తే ఒక్కోరోజు నలభై నిమిషాలు, వాన పడితే రెండు గంటలు. ఇప్పుడు ఎంత పడుతుందో ముందే తెలుసు, అదే పెద్ద నిమ్మళం. ఇబ్బంది ఏంటంటే మూడు బోగీల రైళ్లు, పొద్దున తొమ్మిదికి అమీర్‌పేట దగ్గర ఊపిరాడదు, 2025 మేలో ఛార్జీలు కూడా పెరిగాయి. కుదిరితే ఎనిమిది లోపే ఎక్కేయండి.

మెట్రో వల్ల ఇంకో ఉపయోగం ఉంది, ఇది చాలామందికి తట్టదు. ఈ మెయిన్ రోడ్డు దాటడం పెద్దవాళ్లకి ప్రాణసంకటం, బళ్లు ఆగవు. మేం టికెట్ లేకుండానే స్టేషన్ ఒకవైపు లిఫ్ట్ ఎక్కి, పైన కాన్‌కోర్స్ (టికెట్ కౌంటర్లుండే హాలు) మీదుగా నడిచి, అవతలి వైపు దిగుతాం. మామయ్యకి అదే అలవాటు చేశాం. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, పట్టనీ. మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయేవాళ్లలో దాదాపు ఐదోవంతు నడిచి వెళ్లేవాళ్లే. ఇల్లు చూసేటప్పుడు స్కూలుకీ ఇంటికీ మధ్య ఒక్క పెద్ద రోడ్డు కూడా అడ్డం రాకుండా ఉంటే దానికోసం వంద ఎస్‌ఎఫ్‌టీ తగ్గినా ఫర్వాలేదు. మేం సరిగ్గా ఆ కారణంతోనే రోడ్డు అవతలి వైపు ఇంకా మంచి ఫ్లాట్ వస్తే వదిలేశాం.

ఇక ఫుట్‌పాత్‌ల సంగతి, ఇక్కడే నాకు కోపం వస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం నడవడానికి కనీసం 1.8 మీటర్ల ఖాళీ ఉండాలి. మావారు ఒకరోజు టేపు పట్టుకెళ్లి మెయిన్ రోడ్డు మీద కొలిచారు. వెడల్పు ఉన్నచోట ట్రాన్స్‌ఫార్మర్, అది దాటితే పార్క్ చేసిన బైకులు, అవి దాటితే ఎవరో షాపు ముందు పెట్టిన బోర్డు. నిజంగా నడవగలిగే చోటు చాలా చోట్ల అర మీటరు కూడా లేదు. లోపలి వీధుల్లో అసలు ఫుట్‌పాతే లేదు. అయినా ఎలా నడుస్తున్నామంటే ఇరవై ముప్పై అడుగుల వీధులు కాబట్టి, అడుగడుక్కీ మలుపు కాబట్టి, ఎవరో ఒకరు ఎప్పుడూ రోడ్డు మీద ఉంటారు కాబట్టి బళ్లు నెమ్మదిగా వస్తాయి. అందుకే పెద్ద రోడ్డు మీది అపార్ట్‌మెంట్ తీసుకోవద్దు, అక్కడ మెట్రో చప్పుడు కూడా ఎక్కువ. దాని వెనక రెండో వీధో మూడో వీధో చూసుకోండి.

వానలో తప్పకుండా చూడాలి. ఇది ఈ ఏరియాకి మరీ ముఖ్యం. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ని ముంచెత్తిన వానకి రామంతాపూర్ చెరువు కింది కాలనీలూ, హబ్సిగూడ స్ట్రీట్ నంబర్ 8 వైపూ ఇళ్లల్లోకి నీళ్లొచ్చాయి. ఒకే పిన్‌కోడ్‌లో ఒక వీధి మునుగుతుంది, పక్క వీధి తడవను కూడా తడవదు. బ్రోకర్ని అడిగితే ఏం చెప్తాడో మీకు తెలుసు. మేం కిరాణా కొట్టు అంకుల్‌ని, ఇస్త్రీ అన్నని, ఎదురింటి వాచ్‌మన్ భార్యని వేర్వేరుగా అడిగాం, "ఆ ఏడాది నీళ్లు ఎందాక వచ్చినయ్" అని. ముగ్గురూ ఒకే గుర్తు చూపించారు, మా గేటు మొదటి మెట్టు దాకా కూడా రాలేదని. దిగువన ఇంకో ఫ్లాట్ బాగా నచ్చింది, ధర కూడా నాలుగు లక్షలు తక్కువ, కానీ సెల్లార్ గోడ మీద నడుం ఎత్తున మట్టి గీత ఇంకా కనిపిస్తోంది. అడిగితే పెయింట్ వేయించలేదంతే అన్నారు. వదిలేశాం. కొన్నాక ఈ రెండు వానాకాలాల్లో మా వీధిలో మోకాలి నీళ్లు ఒక్కసారి నిలిచాయి, గంటలో పోయాయి.

ఇప్పుడు ఇంటి సంగతి. 1998లో కట్టింది, 1,150 ఎస్‌ఎఫ్‌టీ, మూడో అంతస్తు, పది ఫ్లాట్లు, యూడీఎస్ (బిల్డింగ్ ఉన్న స్థలంలో మన వాటా) 45 గజాలు. ధర 62 లక్షలు. పాత ఫ్లాటు కొనేటప్పుడు గోడల కంటే ఆ గజాలకే విలువ, రేపు బిల్డింగ్ కూల్చి మళ్లీ కట్టాల్సి వస్తే మన చేతిలో మిగిలేది అదే. సేల్ డీడ్‌లో యూడీఎస్ ఎంత రాశారో చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. మేం మొదట ఇష్టపడింది ఇదే వీధిలో ఇంకో బిల్డింగ్‌లో ఐదో అంతస్తు, ఆకాశమంతా కనిపించేది, పాప అక్కడే ఉండిపోదామంది. బ్యాంకు లాయర్ అప్రూవ్డ్ ప్లాన్ తెప్పిస్తే అందులో ఉన్నది నాలుగు అంతస్తులే. లోన్ రాదన్నారు. పాత అపార్ట్‌మెంట్లలో ఇలా ప్లాన్‌లో లేని పై అంతస్తులు చాలా కనిపిస్తాయి, అందుకే ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపించే సర్టిఫికెట్), లింక్ డాక్యుమెంట్లతో (పాత సేల్ డీడ్‌లతో) పాటు ప్లాన్ కాపీ పట్టుకొని కిందనించి అంతస్తులు లెక్కపెట్టండి.

డబ్బు విషయంలో ముందే తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. 30 నుంచి 75 లక్షల లోన్‌కి బ్యాంకు ఇంటి విలువలో 80 శాతం వరకే ఇస్తుంది, బిల్డింగ్ వయసు చూసి ఇంకా తగ్గిస్తుంది కూడా. రిజిస్ట్రేషన్ ఖర్చు తెలంగాణలో అన్నీ కలిపి 7.5 శాతం, మాకు నాలుగు లక్షల అరవై వేల పైన అయింది, అది లోన్‌లో రాదు, చేతి డబ్బే. రీసేల్ కాబట్టి జీఎస్టీ లేదు, అదే కట్టుబడిలో ఉన్న మామూలు ఫ్లాటుకి 5 శాతం. ధర 50 లక్షలు దాటితే అమ్మినవాళ్లకి ఇచ్చే డబ్బులో 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) పట్టి ప్రభుత్వానికి కట్టాల్సింది కొన్నవాళ్లే, మాకు ఇది చివరి వారంలో తెలిసి పరుగులు పెట్టాం. ఇక బాత్రూం పైపులు, కరెంటు వైరింగ్ మొత్తం మార్చాం, ఐదు లక్షలు. పాత ఇంటికి అంత పక్కన పెట్టుకోవాల్సిందే. మెయింటెనెన్స్ నెలకి 1,800, అద్దె ఇంట్లో ఉన్నప్పుడు 6,400 కట్టేవాళ్లం. జలమండలి (సిటీ వాటర్ బోర్డు) నీళ్లు రోజు మార్చి రోజు వస్తాయి, మీటరు ఉంటే నెలకి ఇరవై వేల లీటర్లు ఫ్రీ. పాత చోట ఎండాకాలమంతా ట్యాంకర్లే.

నచ్చనివి. పార్కింగ్ పది ఫ్లాట్లకి ఆరు కార్లకే ఉంది, మాకు రాలేదు, కారు అమ్మేశాం. అమ్మగలిగాం అనే చెప్పాలి, పాత చోట అది ఊహించలేని మాట. అవసరమైతే ఆటో, క్యాబ్. కానీ రెండు కార్లు ఉన్నవాళ్లకి ఇక్కడ ఇరుకే. పిల్లలు ఆడుకోవడానికి మా బిల్డింగ్‌లో చోటు లేదు, ఈ ఒక్క విషయంలో గేటెడ్ కమ్యూనిటీ వెయ్యి రెట్లు నయం, పాప ఇప్పటికీ ఆ ట్రాక్‌ని తలుచుకుంటుంది. దోమలు ఎక్కువ. వీధి కుక్కల భయం నిజమైన భయం. 2023 ఫిబ్రవరిలో ఇక్కడికి దగ్గర్లోని అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు కుక్కల దాడిలో చనిపోయాడు. అందుకని పాపని ఒంటరిగా పక్క వీధికి కూడా పంపను, తాతో నేనో తోడు ఉండాల్సిందే. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు తెల్లవారుజామున ఒకసారి ఆ వీధిలో నడిస్తే కుక్కల సంగతి మీకే తెలుస్తుంది, పగలు అవి బళ్ల కింద పడుకొని ఉంటాయి.

ఆట స్థలం లోటు మాకు కొంత ఉస్మానియా క్యాంపస్ తీరుస్తోంది. ఆదివారం పొద్దున్నే అయిదుగురం వెళ్తాం, అక్కడ చెట్ల నీడలో పాప సైకిల్ నేర్చుకుంది. 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజీ ముందు, ఆ గులాబీ రంగు రాతి మెట్ల దగ్గర, మామయ్య తన చదువు రోజులు చెప్తారు. డెబ్బై ఒక్క ఏళ్లకి ఆయన మళ్లీ రోజుకి రెండుసార్లు మెట్లు దిగుతున్నారు. పొద్దున పాపని స్కూల్లో దింపి, ఇస్త్రీ అన్న దగ్గర పేపరు చదివి వస్తారు, సాయంత్రం మళ్లీ ఎందుకో ఒకందుకు వెళ్తారు, కట్ట కొత్తిమీర కోసం ఒకసారి, ఉప్పు కోసం ఒకసారి. ఇంట్లో ఉప్పు ఉన్నా నేను ఏమీ అనను.

ఐదుకి నాలుగు ఇస్తాను. మిగిలిన ఒకటి స్కూలు మలుపు దగ్గరి క్రాసింగ్ కోసం పట్టి ఉంచాను. అక్కడ జీబ్రా గీతలు చెరిగిపోయి ఏడాది అయింది, స్పీడ్ బ్రేకర్ లేదు, కాలనీవాళ్లం సంతకాలు పెట్టి రెండుసార్లు కాగితం ఇచ్చాం. ప్రస్తుతానికి పొద్దున ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది దాకా తల్లిదండ్రులమే వంతులు వేసుకొని అక్కడ చెయ్యి అడ్డం పెట్టి బళ్లు ఆపుతున్నాం, నా వంతు మంగళవారం. ఈ వైపు ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లు ఆ టైముకే రండి.